పొరుగు రాష్ట్రం కారు.. కాగితాలూ సరిహద్దు దాటాలి

కలమల్ల (ఎర్రగుంట్ల): ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల రహదారులపై కేఏ అక్షరాలతో మొదలయ్యే నంబరు పలకల కార్లు కనిపించడం కొత్త విషయం కాదు. కదిరి మీదుగా బెంగళూరుకు కొన్ని గంటల ప్రయాణం. పిల్లలు అక్కడే ఉద్యోగాల్లో ఉన్న ఇళ్లు పల్లెపల్లెనా ఉన్నాయి. అక్కడ బండ్లు ఎక్కువ, ధర తక్కువ అన్న మాట నోటినోటా పాకింది. ఉదయం వెళ్లి బయానా ఇచ్చి, రాత్రికి కారుతో ఊరు చేరినవారు ఎందరో. తంటా ఆ మరుసటి నెలలో మొదలవుతుంది. కారు సరిహద్దు దాటినంత సులువుగా దాని యాజమాన్యం, పన్ను, బీమా, వారంటీ దాటవు. ఒక్కొక్కదానికీ వేర్వేరు గడువు, వేర్వేరు కాగితం ఉన్నాయి.

రేనాటి చోళ రాజు ధనంజయుడి పేరిట క్రీ.శ.575 నాటిదిగా చెప్పే తొలి తెలుగు శాసనం లభించినది కలమల్లలోనే. రాతకు అంతటి చరిత్ర ఉన్న ఈ నేలపై లక్షల రూపాయల బేరాలు ఇంకా నోటిమాట మీదనే సాగిపోతుండడం గమనార్హం.

ధర తేడా ఎక్కడిది?

2017 జులై 1న జీఎస్టీ అమలులోకి వచ్చిన తర్వాత కొత్త కారుపై అమ్మకం పన్ను దేశమంతటా ఒకటే అయింది. అంతకుముందు రాష్ట్రానికో రీతిగా వ్యాట్ ఉండేది. ఇప్పుడు కొత్త కారు విషయంలో రాష్ట్రాల మధ్య మిగిలిన తేడాలో ప్రధానమైనది లైఫ్‌ట్యాక్స్. అది కారు ఏ రాష్ట్రంలో రిజిస్టర్ అవుతుందో ఆ రాష్ట్రానికి చెల్లించవలసిన పన్ను. బెంగళూరు షోరూంలో కొత్త కారు కొని, అక్కడ తాత్కాలిక రిజిస్ట్రేషన్ మాత్రమే చేయించి, ఇక్కడకు తెచ్చి శాశ్వత రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. అందుకు బిల్లు, ఫారం 21 అమ్మకపు ధ్రువపత్రం, ఫారం 22, బీమా పత్రం షోరూం నుంచి తీసుకోవాలి. లైఫ్‌ట్యాక్స్ ఆంధ్రప్రదేశ్‌కే కడతారు. ఇందులో పెద్దగా మోసానికి తావు లేదు. డీలరు ఇచ్చే రాయితీలో తేడా ఉంటే ఉండవచ్చు.

పాత కారు కథ వేరు. మొదటి యజమాని కర్ణాటకలో లైఫ్‌ట్యాక్స్ కట్టేశారు కదా, ఇక పన్ను లేదని బ్రోకర్లు చెప్పడం పరిపాటి. ఇది నిజం కాదు. కారును ఈ రాష్ట్రానికి మార్చుకున్నప్పుడు దాని వయసును బట్టి తగ్గించిన రేటుతో ఇక్కడ మళ్లీ లైఫ్‌ట్యాక్స్ చెల్లించాలి. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోరే వీలు కర్ణాటక చట్టంలో ఉన్నా, ఇక్కడ కొత్త నంబరు వచ్చాక ఆ ఆధారాలతో అక్కడి కార్యాలయానికి దరఖాస్తు చేసుకోవాలి. ఆ సొమ్ము అమ్మినవారిదా, కొన్నవారిదా అన్నది బేరం నాడే కాగితంపై రాసుకోకపోతే తరువాత వాదనే మిగులుతుంది. ఇక్కడి పన్ను, బదిలీ రుసుము, బీమా పేరు మార్పు, నంబరు పలకలు, రాకపోకల ఖర్చు కలిపి చూసినప్పుడు, తక్కువకు వచ్చిందనుకున్న కారు ప్రొద్దుటూరు ధరకే వచ్చి నిలవడం కద్దు. ఆ లెక్క బయానా ఇవ్వకముందే వేసుకోవాలి.

హైదరాబాద్ నుంచి తెచ్చే బండికీ ఇదే వరుస. 2014 జూన్ 2 నుంచి అది మరో రాష్ట్రం. ఇప్పటికీ దానిని సొంత రాజధానిగానే భావించి, కాగితాల సంగతి పట్టించుకోనివారు ఉన్నారు.

పన్నెండు నెలల అపోహ

ఏడాది వరకు పొరుగు రాష్ట్రం నంబరుతో తిరగవచ్చన్న మాట జనంలో బలంగా ఉంది. దానికి మూలం మోటారు వాహనాల చట్టం 1988లోని 47వ సెక్షన్. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని అది చెబుతుంది. ఉద్యోగం మారి, తన కారుతో తాను ఇక్కడికి వచ్చిన యజమానికి ఈ గడువు వర్తిస్తుంది. కారు కొన్నవారికి వర్తించేది 50వ సెక్షన్. కొనుగోలుదారు 30 రోజుల్లో యాజమాన్య బదిలీకి దరఖాస్తు చేయాలి. అమ్మినవారు అదే రాష్ట్రంలోని వ్యక్తికి అమ్మితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రం వ్యక్తికి అమ్మితే 45 రోజుల్లో తమ కార్యాలయానికి తెలపాలి. ఈ రెండు సెక్షన్లనూ కలగలిపేసి ‘ఏడాది టైముంది సార్’ అనే బ్రోకరు మాటను నమ్మినవారు తనిఖీల్లో దొరికిపోతున్నారు. నంబరు మార్పు గడువు వేరు, పన్ను బాధ్యత వేరు అన్నదీ గుర్తుంచుకోవాలి.

ఎదురు దిశలో బెంగళూరులో స్థిరపడిన మన జిల్లావాసులకూ ఈ చిక్కు ఎదురైంది. 30 రోజులు దాటి కర్ణాటకలో ఉన్న ఇతర రాష్ట్రాల వాహనాలపై లైఫ్‌ట్యాక్స్ వసూలు చేసేలా ఆ ప్రభుత్వం 2014లో చట్టాన్ని సవరించగా, 2016 మార్చిలో కర్ణాటక హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది.

తరచూ బదిలీలయ్యే ఉద్యోగుల కోసం 2021 సెప్టెంబరు 15 నుంచి కేంద్రం బీహెచ్ సిరీస్‌ను తెచ్చింది. రక్షణ సిబ్బంది, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు, నాలుగు లేదా అంతకు మించి రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులు దీనికి అర్హులు. పన్ను రెండేళ్లకోసారి కడితే చాలు. రాష్ట్రం మారినా నంబరు మారదు. థర్మల్ కేంద్రంలోను, సిమెంటు కర్మాగారాల్లోను పనిచేసే ఉద్యోగులున్న ఎర్రగుంట్ల ప్రాంతంలో దీని వివరాలు తెలుసుకోదగినవి. అయితే బీహెచ్ నంబరు కారును అర్హత లేనివారు కొంటే మామూలు నంబరుకు మార్చుకుని పన్ను కట్టక తప్పదు.

ఎన్‌వోసీ లేని బండి

వేరే రాష్ట్రం కారు కొనుగోలులో ఆయువుపట్టు ఎన్‌వోసీగా పిలిచే నిరభ్యంతర పత్రం. దీనికి ఫారం 28లో దరఖాస్తు. కారు మొదట రిజిస్టరైన కార్యాలయమే దీనిని ఇస్తుంది. పన్ను బకాయి, పోలీసు కేసు, ఫైనాన్స్ అప్పు లేవని తేలాకే ఇస్తారు. 48వ సెక్షన్ ప్రకారం 30 రోజుల్లోగా ఇవ్వడమో, కారణం రాసి తిరస్కరించడమో చేయాలి. ఏదీ చేయకుంటే ఇచ్చినట్లే భావించాలని చట్టం చెబుతుంది. ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉంటే ముందు ఫారం 35తో అప్పు రద్దు నమోదు కావాలి. ఫారం 29, 30లపై అమ్మినవారి సంతకాలు ఉండాలి. ఎన్‌వోసీ తరువాత పంపుతామన్న హామీపై పూర్తి సొమ్ము ఇచ్చివేయడమే ఎక్కువ మంది చేసే పొరపాటు. కనీసం చివరి విడత సొమ్ము ఎన్‌వోసీ చేతికి వచ్చాకే ఇస్తామని రాసుకోవడం ఉత్తమం.

ఖాళీ ఫారాలపై సంతకాలు తీసుకుని, కారును పేరు మార్చకుండానే చేతులు మార్చే పద్ధతి పాత కార్ల వ్యాపారంలో చాలాకాలంగా ఉంది. దీని ప్రమాదం కొన్నవారికే కాదు, అమ్మినవారికీ ఉంది. ఇలా పలువురి చేతులు మారిన ఒక కారు ప్రమాదానికి కారణమైన కేసులో 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, ఆర్‌సీలో ఎవరి పేరుంటే వారే యజమాని, పరిహారం వారే చెల్లించాలని తేల్చింది. కారు ఎప్పుడో అమ్మేశామన్న వాదన నిలవలేదు. బెంగళూరులో పాత కారు అమ్మేసి వచ్చిన మనవారు ఆన్‌లైన్‌లో ఆర్‌సీ ఎవరి పేర ఉందో ఒకసారి చూసుకోవలసిన అవసరం ఇందుకే.

2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర నిబంధనలు ఈ లొసుగును పూడ్చేందుకు ఉద్దేశించినవి. పాత వాహనాల డీలర్లు రవాణాశాఖ నుంచి అధికార పత్రం పొందాలి. దాని గడువు అయిదేళ్లు. యజమాని కారును డీలరుకు అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా ఆన్‌లైన్‌లో తెలపాలి. అప్పటి నుంచి ఆ వాహనానికి డీలరే బాధ్యుడు. అధికార పత్రం చూపమని అడిగే హక్కు కొనుగోలుదారుకు ఉంది. అడిగితే ముఖం చిట్లించే డీలరు వద్ద బేరం మానుకోవడమే మేలు.

పొరుగు జిల్లా కేసు

ఎన్‌వోసీ ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదని 2020లో తాడిపత్రి కేంద్రంగా వెలుగుచూసిన లారీల వ్యవహారం చూపింది. 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 వాహనాల అమ్మకం, రిజిస్ట్రేషన్ కుదరదని సుప్రీంకోర్టు ఆ ఏడాది మార్చి 29న ఆదేశించింది. అలా మిగిలిపోయిన బీఎస్-3 లారీలను తుక్కు కింద కొని, పత్రాలు మార్చి, బీఎస్-4గా నాగాలాండ్‌లో రిజిస్టర్ చేయించి, అక్కడి ఎన్‌వోసీతో ఇక్కడికి తెచ్చారన్నది అభియోగం. వందకు పైగా వాహనాలపై రవాణాశాఖ కన్ను పడింది. తరువాత ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ కూడా రంగంలోకి దిగి, 2022లో రూ.22.10 కోట్ల ఆస్తులను జప్తు చేసింది. రాజకీయ రగడ పత్రికలకెక్కింది కానీ, కాగితాలు సరిగా ఉన్నాయని నమ్మి ఇలాంటి బండ్లు కొన్నవారి గోడు పెద్దగా ఎవరికీ పట్టలేదు. రిజిస్ట్రేషన్ రద్దయితే బండి ఇనుము కింద లెక్క.

కారు తయారైన తేదీ, ఉద్గార ప్రమాణం, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీలోనివీ, కారుపై చెక్కినవీ, వాహన్ పోర్టల్‌లోనివీ ఒకటేనా అని పోల్చి చూడాలి. మొదటి రిజిస్ట్రేషన్ మన మార్గంలో లేని దూరపు రాష్ట్రంలో జరిగి ఉంటే ఎందుకని అడగాలి. పుదుచ్చేరి నంబర్ల సంగతి మరొకటి. తక్కువ పన్ను కోసం అక్కడి తప్పుడు చిరునామాలతో ఖరీదైన కార్లు రిజిస్టర్ చేయిస్తున్నారని 2017లో కేరళలో కేసులు నమోదయ్యాయి. మన రాష్ట్రం నడుమన ఉన్న యానాం కూడా పుదుచ్చేరిదే. అక్కడి కార్లకు పీవై 04 నంబరు ఉంటుంది. యజమాని నివాసం లేదా వ్యాపార స్థలం ఉన్న చోటనే రిజిస్ట్రేషన్ జరగాలని 40వ సెక్షన్ చెబుతున్నందున, అద్దె చిరునామా నంబరు కొన్నవారు ఆ చిక్కును కూడా కొన్నట్లే.

ఢిల్లీ నుంచి లారీలపై వచ్చే చవక కార్లూ ఉన్నాయి. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు అక్కడ తిరగరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఇచ్చిన ఉత్తర్వులను 2018 అక్టోబరు 29న సుప్రీంకోర్టు సమర్థించాక, ఎన్‌వోసీతో ఇతర రాష్ట్రాలకు వాటి తరలింపు పెరిగింది. ఇక్కడ తిప్పుకోవడానికి ఆ నిషేధం అడ్డు కాదు. కానీ 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి కారుకు రూ.5 వేలకు పెంచారు. 20 ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టు నుంచి అది రూ.10 వేలు.

వరద కార్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2015లో చెన్నై, 2022లో బెంగళూరు, 2024లో విజయవాడ వరదల్లో కార్లు పెద్దసంఖ్యలో నీట మునిగాయి. పూర్తి నష్టంగా తేల్చిన బండ్లను బీమా సంస్థలు వేలం వేస్తాయి. వాటిని కొన్నవారు బాగుచేసి, మునిగిన ఊరికి దూరంగా అమ్ముతారు. కాళ్ల కింద కార్పెట్ ఎత్తితే ఒండ్రు, సీటు పట్టాలకు తుప్పు, హెడ్‌లైటు అద్దం లోపల చెమ్మ, సువాసన డబ్బా దాచలేని ముక్క వాసన.. ఇవే ఆనవాళ్లు. బీమా సంస్థ నుంచి పాత క్లెయిముల వివరం తెమ్మని అమ్మేవారినే కోరవచ్చు. కారు తిరిగిన కిలోమీటర్లు నిజమా కాదా అన్నది మీటరు చూసి కాక, అధీకృత సర్వీసు కేంద్రంలోని సర్వీసు చరిత్ర చూసి తేల్చుకోవాలి.

బీమా తనంతట తాను రాదు

ఆర్‌సీ మార్చుకుని బీమాను వదిలేసేవారు చాలామంది. 157వ సెక్షన్ ప్రకారం కారుతో పాటే బీమా కూడా మారినట్లు భావిస్తారు కదా అన్నది వారి ధీమా. 1995లో కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు దీనికి హద్దు గీసింది. ఆ భావన ఎదుటివారికి కలిగే నష్టానికే, అంటే థర్డ్ పార్టీ బీమాకే పరిమితం. సొంత కారుకు జరిగిన నష్టం రావాలంటే పాలసీ కొన్నవారి పేరిట మారి తీరాలి. ఇందుకు 14 రోజుల్లో సంస్థకు దరఖాస్తు చేయాలి. ఈ ఒక్క కాగితం లేనందున లక్షల మరమ్మతు సొంతంగా భరించవలసి వస్తుంది. పాత యజమాని సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ ఆయనదే. అది కారుతో రాదు. ఆ రాయితీతో ఉన్న పాలసీని యథాతథంగా కొనసాగిస్తే క్లెయిము నాడు చిక్కు వస్తుంది. కనుక తేడా ప్రీమియం కట్టి సరిచేసుకోవాలి.

సర్వీసింగు ఎవరి వద్ద?

కారు కొన్న తరువాతి పోరు మరమ్మతులది. చాలా బ్రాండ్లకు అధీకృత సర్వీసు కేంద్రం కావాలంటే కడపకో అంతకు మించిన దూరానికో వెళ్లాలి. ఊళ్లోని షెడ్డు మెకానిక్కు చేయి తిరిగినవాడే అయినా కంపెనీ విడిభాగాలు, లోపాన్ని పట్టే స్కానింగు పరికరం దొరకక చేతులెత్తేస్తాడు. ఇది అతడి అసమర్థత కాదు. 2011లో దాఖలైన ఒక ఫిర్యాదుపై భారత కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న ఇచ్చిన ఉత్తర్వు ఈ సంగతిని బయటపెట్టింది. విడిభాగాలు, సాంకేతిక సమాచారం, పరికరాలు బయటి మెకానిక్కులకు అందకుండా తొక్కిపెట్టాయని 14 కార్ల కంపెనీలపై సుమారు రూ.2,544 కోట్ల జరిమానా విధించింది. వాటిని బహిరంగ విపణిలో అందుబాటులో ఉంచాలని, బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ రద్దు అనే గంపగుత్త షరతు పెట్టరాదని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లగా, 2016 డిసెంబరులో అప్పీలు ట్రైబ్యునల్ మూడు కంపెనీల తప్పును సమర్థిస్తూనే వాటి జరిమానాను బాగా తగ్గించింది.

ఐరోపాలో ఈ పోరు ముందే జరిగింది. ఇటలీలో ధర తక్కువని జర్మనీ, ఆస్ట్రియాల నుంచి వచ్చేవారికి కార్లు అమ్మవద్దని ఇటలీ డీలర్లను కట్టడి చేసినందుకు ఫోక్స్‌వ్యాగన్‌పై ఐరోపా కమిషన్ 1998 జనవరిలో 10.2 కోట్ల ఎక్యూల జరిమానా వేసింది. ఎక్యూ అంటే నేటి యూరోకు ముందున్న లెక్కింపు నాణెం. తరువాత న్యాయస్థానం దానిని 9 కోట్లకు తగ్గించింది. ఎక్కడ కొన్నా కొనుగోలుదారు హక్కు ఒకటేనన్నది అక్కడ స్థిరపడిన సూత్రం. మన దేశంలో రాష్ట్రాల నడుమ కంపెనీ వారంటీకి గోడ లేకున్నా, డీలరు సొంతంగా అమ్మే అదనపు వారంటీ ఎక్కడెక్కడ చెల్లుతుందో చదివి మరీ సంతకం పెట్టాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ప్రారంభించిన మరమ్మతు హక్కు పోర్టల్‌లో కార్ల కంపెనీల సర్వీసు, విడిభాగాల సమాచారం కూడా ఉంచుతున్నారు.

సర్వీసుకు ఇచ్చే ముందు అంచనా రాయించుకోవడం, జాబ్‌కార్డు నకలు తీసుకోవడం, మార్చిన పాత విడిభాగాలు తిరిగి అడగడం ఏ షెడ్డులోనైనా చేయదగినవే. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది.

ఫిర్యాదు కడపలోనే

పాత చట్టం కాలంలో పెద్ద అడ్డంకి ఒకటి ఉండేది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఎదుటి పక్షం ఉన్న చోటనో, వివాదానికి కారణం పుట్టిన చోటనో ఫిర్యాదు చేయాలి. బెంగళూరు డీలరుపై కేసు అంటే వాయిదా వాయిదాకూ బెంగళూరు బస్సు ఎక్కడమే. అందుకే చాలామంది నష్టాన్ని దిగమింగుకున్నారు. 2020 జులై 20న అమలులోకి వచ్చిన 2019 చట్టం దీనిని మార్చింది. ఫిర్యాదుదారు నివసించే చోట లేదా పని చేసుకునే చోట కూడా ఫిర్యాదు చేయవచ్చని 34వ సెక్షన్ చెబుతోంది. కలమల్లవాసి ఇప్పుడు బెంగళూరు డీలరుపై కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఈ మార్పు వచ్చిన సంగతి మన పల్లెల్లో తెలిసినవారు అరుదు.

చెల్లించిన ధర రూ.50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్ పరిధి. రూ.5 లక్షల వరకు రుసుము లేదు. రూ.10 లక్షల వరకు రూ.200, రూ.20 లక్షల వరకు రూ.400, రూ.50 లక్షల వరకు రూ.1,000. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. చట్టం నిర్దేశించిన గడువు మూడు నెలలు, కారును నిపుణులతో పరీక్షించవలసి వస్తే అయిదు నెలలు. ఆచరణలో అంతకు మించి పడుతుండడం అందరికీ విదితమే.

ఎవరిపై ఫిర్యాదు చెల్లుతుందో కూడా తెలియాలి. డీలరు, కమీషన్ తీసుకునే బ్రోకరు, ఆన్‌లైన్ సంస్థ, సర్వీసు కేంద్రం, బీమా సంస్థ ఈ చట్టం పరిధిలోకి వస్తారు. ఆన్‌లైన్ సంస్థల్లో ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్లు తెలిపి, నెలలోగా పరిష్కరించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. వ్యాపారి కాని వ్యక్తి తన సొంత కారు అమ్మి మోసగిస్తే మాత్రం వినియోగదారుల కమిషన్ దారి మూసుకుపోతుంది. అప్పుడు సివిల్ కోర్టు లేదా పోలీసు స్టేషనే. ట్యాక్సీగా తిప్పుకునే కారైనా, స్వయంఉపాధితో పొట్ట పోసుకునేవారు వినియోగదారులే. డీలరు పాత మోడలును కొత్తదిగా అంటగట్టిన ఒక గోవా కేసులో తయారీదారు టాటా మోటార్స్‌కు సంబంధం ఉన్నట్లు రుజువు లేనందున ఆ సంస్థపై బాధ్యత మోపలేమని 2021 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కాబట్టి డీలరును వదిలి కంపెనీనే ఇరికించే ఫిర్యాదులు నిలవకపోవచ్చు.

కమిషన్ ముందుకు వెళ్లేవారి వద్ద బయానా రసీదు, బ్యాంకు ద్వారా సొమ్ము పంపిన ఆధారం, కారు ప్రకటన ఫొటో, వాట్సాప్ సంభాషణ, జాబ్‌కార్డు ఉండాలి. నగదుగా ఇచ్చిన సొమ్మును రుజువు చేయడం కష్టం. కేసుకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే కంపెనీలతో మాట్లాడి పరిష్కరించే ప్రయత్నం చేస్తారు. బీమా వివాదమైతే రూ.50 లక్షల వరకు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను రుసుము లేకుండా ఆశ్రయించవచ్చు. ముందుగా సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేందుకు గడువు, వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు.